గింజ కొరికే మనిషి దవడ

పంటి డాక్టర్ల ఇళ్లలో పెళ్లిళ్లకు పోతే ఒక బాధ ఉంటుంది. భోజనాల దగ్గర పక్కన కూర్చున్న కుర్ర డాక్టర్లు తిననివ్వరు. "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని అడుగుతారు. నేనేదో పెద్ద ఆపరేషన్ సంగతి చెబుతానని ఎదురుచూస్తారు. నేను ఒక మనిషి దవడ సంగతి మొదలుపెడతాను. సగంలో ఒకరిద్దరు ఐస్‌క్రీం కోసం లేచిపోతారు. మీరు చదువుతున్నారు కాబట్టి లేచిపోయినా నాకు తెలియదు. రాయడంలో ఉన్న సుఖం అదే.

నేను హన్మకొండలో ఒక ప్రైవేటు పంటి ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆసుపత్రి నాది కాదు. ఓనరు వయసులో నాకన్నా చాలా చిన్న. పదిమందిలో నన్ను "మేడం" అనేవాడు, పని పడితే "అక్కా" అనేవాడు. "అక్కా" అని వినబడిందంటే ఆదివారం డ్యూటీ ఖాయమని అర్థం. చెడ్డవాడేం కాదు. చేయి మంచిది, పన్ను పీకితే పీకినట్టే తెలిసేది కాదు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, హైదరాబాద్‌లో వారాంతాల్లో జరిగే కోర్సులు. శనివారం పోయి సోమవారానికి కొత్త మనిషై తిరిగొచ్చేవాడు. ఒకసారి నవ్వును అందంగా మార్చే విద్య నేర్చుకొచ్చి, రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయిన పెద్దమనిషిని పట్టుకొని మీ నవ్వు బాగాలేదని చెప్పాడు. ఉద్యోగమంతా జెండా ఊపానే గానీ నవ్వాల్సిన అవసరం నాకెప్పుడూ పడలేదని చెప్పి ఆ పెద్దమనిషి కాజీపేట బస్సెక్కాడు.

ఆ తర్వాత మా ఓనరు నేర్చుకొచ్చింది దవడ కీలు. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి, లోపల కదిలేదే ఆ కీలు. అది పాడైతే నొప్పి ఉన్నచోట ఉండదు. కణతకు ఎక్కుతుంది, చెవిలో పోటు పెడుతుంది, మెడకు దిగుతుంది. తలనొప్పి తలనొప్పి అంటూ ఏళ్ల తరబడి తిరిగేవాళ్లలో కొందరి నొప్పికి మూలం దవడలోనే ఉంటుంది. ఇందులో అబద్ధం లేదు, తంటా అంతా దానితోనే వచ్చింది. "కొందరి" అన్న మాట ఆయన కోర్సులో విన్నాడో, ఆ సమయానికి టీకి లేచాడో గానీ, సోమవారం నుంచి వరంగల్‌లో తలనొప్పి ఉన్న ప్రతి మనిషికీ దవడే కారణమైంది.

కోర్సు వెంట ఒక మిషన్ కూడా వచ్చింది. పలుచని రేకు ఒకటి నోట్లో పెట్టి కొరకమంటే, ఏ పన్ను మీద ఎంత బలం పడుతుందో కంప్యూటర్ తెర మీద రంగురంగులుగా చూపిస్తుంది. ఎరుపు కనబడితే ప్రమాదమని ఆయన చెప్పేవాడు. ఆ మిషన్‌లో ఎరుపు కనబడని మనిషిని నేను చూడలేదు. రిసెప్షన్ అమ్మాయి పరీక్షల చదువుతో తలనొప్పి అంటే ఆమెకూ ఎరుపే, ఎండలో నిలబడే వాచ్‌మన్‌కూ ఎరుపే. వాచ్‌మన్‌కు పళ్లమీద తొడుక్కునే ప్లాస్టిక్ పలక ఒకటి చేసి ఇచ్చారు. దాన్ని ఆయన చొక్కా జేబులో పెట్టుకొని తిరిగేవాడు, ఓనరు కారు గేటులోకి వచ్చేటప్పుడు మాత్రం నోట్లో వేసుకునేవాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని పెద్దలు ఊరికే అనలేదు.

అలాంటి రోజుల్లో వచ్చాడాయన. నలభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, భుజాన తువ్వాల. వరంగల్ నుంచి రైలెక్కితే వచ్చే ఒక మార్కెట్ ఊరు ఆయనది. ఊరి పేరు రాయను. రాస్తే అక్కడి వ్యాపారులు అదే రైలెక్కి నా ఇంటికొస్తారు, వాళ్లతో వాదించే ఓపిక నాకిప్పుడు లేదు. కుడి కణత పట్టుకొని కూర్చున్నాడు. ఆయన చెప్పాల్సినవన్నీ వెంట వచ్చిన భార్య చెప్పింది.

"నిరుడు మక్కల సీజన్ల మొదలైంది మేడం. కండ్ల డాక్టరు అద్దాలిచ్చిండు. చెవి డాక్టరు చెవిల చుక్కలేసిండు. తలకాయ ఫోటో గూడ తీసిండ్రు, తలల ఏం లేదన్నరు."

"తలల ఏం లేదంటె మా ఇంట్ల అందరు నవ్విండ్రు" అన్నాడాయన, నోరు సగమే తెరిచి.

"నవ్వులాట గాదు మేడం. రాత్రిళ్లు లేచి కూసుంటడు. మెత్తగ ఒండి పెడ్తాన, గదీ నమలలేడు. తలల గడ్డ ఉన్నదేమో, మనకు చెప్తలేరేమో అని ఒకటే ఫికర్. ఎవరి ఉసురో తాకిందని మా అత్త రోజు మిరపకాయలు తిప్పి పొయిల ఏస్తాంది."

ఏం పనిచేస్తారని అడిగాను. "మార్కెట్ల, సేఠు దగ్గర" అన్నాడు. గుమస్తా కాబోలు అనుకున్నాను. మేం పంటి డాక్టర్లం అంతకన్నా ఎక్కువ అడగం. తీపి తింటావా అని అడుగుతాం, గుట్కా వేస్తావా అని అడుగుతాం. పొద్దంతా ఆ నోటితో ఏం చేస్తావని మాత్రం అడగం.

చెవుల ముందు వేళ్లు పెట్టి నోరు తెరవమన్నాను. కుడివైపు టక్కుమంది. నోట్లో నా రెండు వేళ్లు పట్టడమే కష్టమైంది. కుడి దవడ కండను కొంచెం నొక్కితే కుర్చీలోంచి లేవబోయాడు. ఆ కండ ఎడమ పక్కదాని కన్నా బాగా ఉబ్బి గట్టిపడి ఉంది, ఒక్క పక్కకే కసరత్తు చేయించినట్టు. కుడి దంతాలు అరిగి నున్నబడ్డాయి. అంతే తప్ప నోట్లో ఒక్క పుచ్చు పన్ను లేదు. ఇంత గట్టి పళ్లు ఈ రోజుల్లో కాలేజీ పిల్లలకు కూడా లేవు.

"నిద్రలో పళ్లు కొరుకుతాడా అమ్మా?"

"లేదు మేడం, గుర్రు పెడ్తడు."

నా బుద్ధికి తోచిన వైద్యం చిన్నది. కొన్నాళ్లు మెత్తటి తిండి, దవడకు వేడి కాపడం, రాత్రిళ్లు పళ్ల మీదికి ఒక పలక, నోరు తెరిచి మూసే కొన్ని కసరత్తులు. దవడ నొప్పుల్లో చాలావరకు ఇంతమాత్రానికే లొంగుతాయి. చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు, అదే దానితో వచ్చిన చిక్కు. నేను ఇంకా చెప్పడం పూర్తికాకముందే ఓనరు గదిలోంచి పిలుపొచ్చింది, మిషన్ దగ్గరికి తీసుకురమ్మని.

తెర నిండా ఎరుపు లేచింది. దాన్ని చూసి మా ఓనరు మొహం వెలిగిపోయింది.

"చూసినవా అన్నా? నీ తలనొప్పి తలలో లేదు, ఇగో ఇక్కడున్నది. నీ పళ్లన్నీ ఒకదానికొకటి తప్పుగా తాకుతున్నయ్. అన్నిటినీ చుట్టూ అరగదీసి టోపీలు తొడుగుదాం. అప్పుడు బైట్ సెట్ అయితది."

"అన్నిటినా సార్?" అంది భార్య.

"అన్నిటినీ. సగం సగం పని నేను చెయ్యను."

"నొప్పి పోతదా?"

"పోతది."

"పోకపోతె?"

మా ఓనరు ఆ ప్రశ్నకు జవాబుగా మళ్లీ తెర వైపు చూపించాడు. భర్త మాత్రం ఏమీ అడగలేదు. ఏడాదిగా నొప్పితో ఉన్నవాడికి తల తీసి పక్కన పెడతామన్నా కొంచెం తొందరగా పెట్టండనే అంటాడు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నట్టు తలూపాడు.

వాళ్లు బయటికి పోయాక నేను ఆగాను. అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు, అది గోరు కాదు, వెంట్రుక కాదు. పిప్పి లేని నోటిని మొత్తం గీకేస్తే, నొప్పి తగ్గకపోయినా ఆ పళ్లు ఇక ఎప్పటికీ వెనక్కి రావు. ముందు పలక వేసి చూద్దామన్నాను.

"పలక అందరూ వేస్తరు అక్కా. ఆ కోర్సుకు మీరొచ్చి ఉంటే తెలిసేది" అన్నాడు. ఆ వెంటనే, "సూది మాత్రం మీరే వెయ్యాలె, మీ చెయ్యి మెత్తన" అన్నాడు. మా దగ్గర పలకలు వాచ్‌మన్‌కూ, టోపీలు పేషంట్లకూ అని నాకు ఆ రోజే అర్థమైంది. ఆ రాత్రంతా నాకు కోపంగానే ఉంది. ఉద్యోగం మానేద్దామనుకున్నాను, పొద్దున లేచి టిఫిన్ డబ్బా సర్దుకున్నాను.

పళ్లు అరగదీయాల్సిన రోజు వచ్చింది. నేను లోపల సూదులు సిద్ధం చేసుకుంటుంటే వరండాలో గొడవ వినబడింది. బయటికొస్తే, నెక్కొండ పక్క ఊరి నుంచి వచ్చిన ఒక ముసలి రైతు నిలబడి ఉన్నాడు. చెంప వాచింది, తలకు రుమాలు. నాలుగు అడుగుల అవతల మా దవడాయన, ఆయన భార్య. మధ్యలో ఖాళీ కుర్చీ. రిసెప్షన్ అమ్మాయి ముసలాయన్ను అందులో కూర్చోమంటోంది.

"నేను గీయన పక్కపొంటి కూసోను బిడ్డా. కిందనన్న కూసుంట."

"ఎందుకు తాతా? ఏమైంది?"

"గీయన పండ్లనే అడుగు. మా మక్కల ధర పడగొట్టే పండ్లు గవ్వే."

వరండాలో ఉన్న వాళ్లంతా దవడాయన నోటి వైపు చూశారు. ఆయన తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ముసలాయన చెంప నొప్పి మరిచిపోయి చెప్పుకుపోయాడు.

"మక్కలు ఆరబోసి, ఎండబెట్టి, బండి కట్టి తెస్తం డాక్టరమ్మా. సేఠు రాశి కాడికి వస్తడు, ఎనుక గీయన వస్తడు. ఒక గింజ తీస్తడు, కుడి దవడకు పెడ్తడు, కటుక్కుమని కొరుకుతడు, తుపుక్కున ఊంచుతడు. పచ్చిగున్నయంటడు. గంతే, మా ధర కింద వడ్తది. తేమ చూసే మిషన్ మార్కెట్ల ఉంటది, దానికి గుడ్డ కప్పి పెడ్తరు. మిషన్ తప్పు చూపెడ్తదట, గీయన పండ్లు తప్పు చూపెట్టయట."

"మార్కెట్ల పని" అంటే ఇదన్నమాట. మక్కల కాలంలో, అదే మొక్కజొన్నల కాలంలో, పొద్దు పొడిచింది మొదలు ఎన్ని రాశులుంటే అన్ని రాశుల దగ్గర రాయిలాంటి గింజలు, అన్నీ కుడి పక్కనే. మక్కలు తగ్గిన ఎండాకాలంలో నొప్పి ఎట్లుంటదని భార్యను అడిగాను. "ఎండకాలం జర తక్కువనే ఉండె మేడం" అంది. ఆ మాట అంటూనే భర్త వైపు తిరిగింది. "ఎవరి ఉసురో అని మీ అమ్మ ఊకె అనలే" అంది.

నేను ఓనరు గదికి పరుగున పోయి చెప్పాను, ఈయన రోజంతా మక్క గింజలు కొరుకుతాడు, అందుకే ఈ నొప్పి అని. ఆయన చేతులకు గ్లౌజులు తొడుక్కుంటున్నాడు. "మంచిదే కదక్కా. మన టోపీలు వేసినంక రాళ్లు గూడ కొరుకుతడు" అన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. మా కాకి దగ్గర సర్టిఫికెట్ కూడా ఉంది.

నా గదిలో రెండు కుర్చీలు, మధ్య నడుమెత్తు చెక్క అడ్డం. ఒకదాంట్లో ముసలాయన్ను పడుకోబెట్టి, చీము పట్టిన పన్నుకు సూది వేసి, పక్కన దూది పెట్టి, మొద్దుబారేదాకా నోరు తెరవద్దని చెప్పాను. రెండో కుర్చీలో దవడాయన. మెడకు గుడ్డ కట్టాం, లైటు వేశాం. మా ఓనరు పళ్లు అరగదీసే డ్రిల్లు చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. నేను సూది ఎత్తాను.

"ఒక్క మాట మేడం" అన్నాడాయన. "గీ టోపీలు ఏసినంక గింజ పచ్చిదా ఎండిందా తెలుస్తదా?"

"ఇప్పుడు తెలుస్తోందా?" అని అడిగాను. నిజంగానే తెలుసుకోవాలని అడిగాను.

ఆయన దవడను అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు. "కొత్తల తెలిసేది" అన్నాడు. "ఇప్పుడు కొరికితె కండ్లల్ల నీళ్లొస్తయి, గింజ సంగతి ఏం తెల్వది."

"మరి పచ్చిగున్నాయని ఎట్లా చెబుతున్నారు?"

"సేఠు నా ఎదురుంగ నిలవడ్తడు. పైజేబు మీద చెయ్యేస్తె పచ్చియి. ఎయ్యకపోతె ఎండినయి."

"చెయ్యి వెయ్యని రోజు ఉంటుందా?"

"ఒకపారి ఉండె మేడం. మార్కెట్ చూడనీకి పెద్ద సార్లు వచ్చిండ్రు."

"అయితే కొరకడమెందుకు?"

ఈ ప్రశ్నకు ఆయన ఆలోచించనే లేదు. "కొరకకపోతె రైతులు నమ్మరు మేడం" అన్నాడు.

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందు బయటపడుతుందో తెలియక మూతి బిగించుకున్నాను. ఒక మనిషి తన దవడ కీలు అరగ్గొట్టుకొని, ఏడాది నిద్ర పోగొట్టుకొని, తలలో గడ్డ ఉందేమోనని భయపడి, గట్టి పళ్లన్నీ గీకించుకోవడానికి పడుకున్నాడు, అదంతా ఒక నాటకంలో వేషం కోసం. ఆ నాటకానికి ఇంకాస్త గట్టి పళ్లు తొడగడానికి మా ఓనరు డ్రిల్లు పట్టుకొని నిలబడ్డాడు. సూది పట్టుకొని నేనూ నిలబడ్డాను, నన్ను వదిలేసి చెప్పడం న్యాయం కాదు.

చెక్క అవతల ముసలాయన ఉన్నాడన్న సంగతి మేం ముగ్గురం మరిచిపోయాం. అటు నుంచి కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి కూర్చున్నాడు. పెదవి మొద్దుబారి ఒక పక్కకు జారింది, గడ్డం మీద చొంగ. నోట్లోంచి దూది తీసి అరచేతిలో పట్టుకున్నాడు. మాట ఒక్కొక్కటే కూడదీసుకున్నాడు.

"మొన్న నా రాశి కొరికినవ్."

దవడాయన మెడకు గుడ్డ, కళ్లల్లో లైటు, వెల్లకిలా పడుకొని ఉన్నాడు. లేచి పోవడానికి కూడా వీల్లేదు.

"నా మక్కలు పచ్చిగుండెనా, ఎండినయా?"

మా ఓనరు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"ఎండినయే, కాకా" అన్నాడు దవడాయన. "గలగలలాడినయ్."

ముసలాయన ఇంకేమైనా అంటాడని నేను భయపడ్డాను. ఆయన దూది మళ్లీ నోట్లో పెట్టుకొని, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఇటు పక్క మనిషి మెడలో గుడ్డ తనే విప్పుకున్నాడు. "సార్, ఇయ్యాల వద్దు" అన్నాడు. భార్య వచ్చి ఆయన్ను పట్టుకొని తీసుకుపోయింది. నేను ముసలాయన పన్ను పీకాను. మామూలుగా అయితే పీకిన పన్ను చూపించమని అడుగుతారు, ఆయన అదీ అడగలేదు.

"మీరు అడగకపోతే ఈపాటికి పని సగం అయిపోయేది అక్కా" అన్నాడు ఓనరు సాయంత్రం. అందులో తప్పేం లేదు, నిజంగానే అయిపోయేది.

తర్వాతి వారం దవడాయన భార్యతో తిరిగొచ్చాడు, మా ఓనరు ఊళ్లో లేని రోజు చూసుకొని. మరో కోర్సు నడుస్తోంది. పలక చేసి ఇచ్చాను. కాపడం చెప్పాను, కసరత్తులు చేయించి చూపించాను, గింజ నోట్లో పెట్టొద్దని ఇద్దరికీ వినబడేటట్టు చెప్పాను. కొన్ని వారాలకు నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకుంది. టక్కుమనడం పూర్తిగా పోలేదు, అది నొప్పి లేకుండా ఉంటే పట్టించుకోనవసరం లేదు. కణత నొప్పి తగ్గింది, నిద్ర పట్టింది, తలలో గడ్డ భయం దానంతటదే పోయింది. మా ఓనరు తిరిగొచ్చి ఆయన ఫోటో తీయించి, "తలనొప్పికి అధునాతన యంత్ర చికిత్స" అని ఆసుపత్రి ముందు ఫ్లెక్సీ కట్టించాడు. ఆ యంత్రం ఆయనకు చేసిందల్లా ఎర్రగా కనబడటమే.

నొప్పి తగ్గాక చూపించుకోవడానికి వచ్చినప్పుడు నౌకరి ఏమైందని అడిగాను. ఆయన ధారాళంగా నోరు తెరిచి నవ్వాడు.

"సేఠుకు చెప్పిన మేడం, డాక్టరమ్మ కొరకద్దన్నదని. కొరుకుడెందుకురా, నోట్లేసుకొని ఊంచు, ఎవడు చూస్తడు అన్నడు."

"మరి ఏం చేస్తున్నారు?"

"ఊంచుతాన."

"ఏమని చెబుతున్నారు?"

"గదే చెప్తాన మేడం" అన్నాడు, కొంచెం గొంతు తగ్గించి.

ఆయన దవడ బాగైనందుకు నాకు సంతోషమైంది. అదే దవడ మీద ఒకటి ఇవ్వాలనీ అనిపించింది. డాక్టరు పిల్లలూ, మీ పేషంటు పొద్దంతా నోటితో ఏం చేస్తాడో తప్పకుండా అడగండి, సగం రోగం అక్కడే దొరుకుతుంది. దొరికిన రోగమంతా మీ చేతిలో నయమవుతుందని మాత్రం అనుకోకండి. నా వైద్యం కీలు దాకా పోయి ఆగిపోయింది. మార్కెట్‌లో మిషన్ మీద గుడ్డ అట్లాగే ఉంది.

కొత్త పన్ను కట్టించుకోవడానికి ముసలాయన వచ్చినప్పుడు ఈ సంగతి ఎత్తుదామా వద్దా అని నేను నాన్చుతుంటే, ఆయనే ఎత్తాడు.

"నా రాశి కాడ కొరుకుతలేడు డాక్టరమ్మా. నోట్లె గూడ ఏసుకుంటలేడు. వస్తడు, రాశిల చెయ్యి పెడ్తడు, ఎండినయంటడు, నా మొకం చూడకుంటనే పోతడు. సేఠు జేబు మీద చెయ్యేసి నిలబడ్డా గూడ అట్లనే అంటడు."

"మంచిదే కదా."

"నాకు మంచిదే. మా ఊరోళ్ల రాశులు నా పక్కపొంటే ఉంటయి. ఒకటే ఎండల ఆరబోసినం అందరం. వాళ్లయి ఊంచుతాండు, పచ్చియంటాండు."

నేను కొలత తీసుకోవడానికి ఆయన నోట్లో మైనం ముద్ద పెట్టబోయాను. ఆయన నా చెయ్యి ఆపాడు.

"గాయన మళ్లెప్పుడొస్తడు?"

"పలక చూపించుకోవడానికి వచ్చే నెల రావాలి. ఎందుకు?"

"మా ఊరోళ్లను తోలుకొస్త. వాళ్ల పండ్లు మంచిగనే ఉన్నయి, పీకేది ఏం లేదు. ఒక్కొక్కలను గా పక్క కుర్చీల పండవెట్టి, ఒక సూదేసి ఉంచుండ్రి. నేనడిగినట్టు వాళ్లు గూడ అడుగుతరు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఎవరెవరిని తీసుకురావాలో అప్పటికే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు.